రెండో కంటికి పెట్టిన షరతు

"అత్తా, నీ రెండో కన్ను వీళ్ళు చెయ్యరు. నువ్వు కర్నూలు పెద్ద దవాఖానకు పో." ఇంతే. ఈ మాట చెప్పడానికి చదువు అక్కరలేదు. చరిత్రలో డాక్టరేటు చేసి, వనపర్తిలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పే నేను ఆ మాట చెప్పలేదు. దానికి బదులు "ఆగు అత్తా, వచ్చే క్యాంపులో చేస్తారు" అన్నాను. ఆమె ఆగింది. కన్ను ఆగలేదు.

మానవపాడు దగ్గర మా ఊళ్ళో దీని గురించి చెప్పుకునే కథ వేరు. ముసలమ్మ మొండిదట. క్యాంపు వాళ్ళు రమ్మని కబురు మీద కబురు పంపినా పోలేదట. అందుకే ఒక కన్ను పోగొట్టుకుందట. గద్వాలలో ఆ కంటి క్యాంపులు పెట్టే సేవా సంఘం పెద్దలే ఈ కథను ఊళ్ళోకి వదిలారు. నేను విన్నాను, కాదనలేదు. ఒకసారి తల కూడా ఊపాను. ఆమెకు ఏ కబురూ రాలేదు. రాదని నాకు తెలుసు. ఎందుకు రాదో కూడా తెలుసు, ఎందుకంటే ఆ షరతు వాళ్ళకు నేర్పింది నేనే.

ఎట్లా నేర్పానో చెప్పాలంటే నా థీసిస్ దగ్గర మొదలుపెట్టాలి. పాలమూరులో పుట్టి, సగం ఇళ్ళు తాళాలు వేసుకుని బొంబాయికి వలసపోయే ఊళ్ళో పెరిగి, నేను పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులో పేదలకు చేసిన దానధర్మాల మీద పరిశోధన చేశాను. నవ్వొస్తే నవ్వండి. హైదరాబాదులో మా గైడు దగ్గర ఆ పుస్తకాలున్నాయి, పాలమూరు కరువు మీద లేవు. అంతకు మించిన కారణం ఏమీ లేదు.

ఆ పుస్తకాల నిండా పెద్దమనుషులే. అక్కడ ప్రతి చర్చి పరిధిలోని పేదలను ఆ పరిధిలోని వాళ్ళే పన్నులు వేసుకుని పోషించాలని చట్టం. వినడానికి ఎంత బాగుందో! ఆచరణలో ఏం చేసేవాళ్ళంటే, పరాయి ఊరి గర్భిణి కనబడితే నొప్పులు రాకముందే పొలిమేర దాటించేవాళ్ళు. బిడ్డ ఇక్కడ పుడితే ఇక్కడి తిండి తింటుందని భయం. ఊరి సాయం తీసుకునేవాడు భుజం మీద గుడ్డ అక్షరం కుట్టించుకుని తిరగాలి, దూరం నుంచే వీడు బీదవాడని తెలియాలి. లండనులో దిక్కులేని పసిపిల్లల కోసం ఒక ఆశ్రమం పెట్టారు. చోటు తక్కువ, వచ్చే తల్లులు ఎక్కువ. సంచిలో రంగు బంతులు వేసి తల్లులతో తీయించారు. తెల్లది వస్తే బిడ్డకు చోటు, నల్లది వస్తే బిడ్డతో సహా బయటికి. ఆ తమాషా చూడటానికి పట్టుబట్టల దొరసానులు బగ్గీల్లో వచ్చేవాళ్ళు. చూసి కళ్ళు ఒత్తుకునేవాళ్ళు కూడా. ఆ కళ్ళు ఒత్తుకోవడం ఉందే, అది తలచుకుంటే నాకు ఒళ్ళు మండేది.

ఇంకొకటి, ఆసుపత్రులు. చందా కట్టే పెద్దమనిషి చీటీ రాసిస్తేనే బీదవాణ్ణి చేర్చుకునేవాళ్ళు. నయమయ్యాక ఆ బీదవాడు వెళ్ళి కమిటీ ముందు నిలబడి మీ దయ అని చెప్పాలి. చర్చిలో దేవుడికీ చెప్పాలి. చెప్పకుండా పోయినవాడు మళ్ళీ జబ్బు పడితే లోపలికి రానివ్వరు. కమిటీ వాళ్ళు మాత్రం ఏటా ఒకసారి కూర్చుని, మాంసమూ మద్యమూ దండిగా లాగించి, పేదల బాగు కోరుతూ గ్లాసులు ఎత్తేవాళ్ళు. వాళ్ళ మీద నేను ఒక అధ్యాయమే రాశాను. అందులో ఎక్కడా "సిగ్గులేనివాళ్ళు" అని రాయలేదు. "దాతకూ గ్రహీతకూ మధ్య నైతిక బంధం" అని రాశాను. పట్టా వచ్చింది.

ఇక గద్వాల సంఘం. దాని అధ్యక్షుడు పత్తి విత్తనాల ఆర్గనైజరు. మా దిక్కు రైతులు కంపెనీల కోసం సీడ్ పత్తి పండిస్తారు. కంపెనీకీ రైతుకూ మధ్య నిలబడి ఇటు నుంచీ అటు నుంచీ తినేవాణ్ణి ఆర్గనైజరు అంటారు. ఊళ్ళల్లో అందరూ సేటు అనే పిలుస్తారు. మిగతా సభ్యులు ఒక మిల్లు ఓనరూ, రిటైరైన ఇద్దరు ముగ్గురు ఆఫీసర్లూ, ఫొటోలో ఎక్కడ నిలబడాలో బాగా తెలిసిన కొందరూ, నేనూ. ఒకసారి ఎండాకాలంలో వీళ్ళు జీపులు కట్టుకుని ఉప్పునుంతల మీదుగా అడవి దిక్కు పోయి, చెంచుల గూడెంలో ఉన్ని దుప్పట్లు పంచి వచ్చారు. నేనూ పోయాను. చెమటలు కారుతున్న ఒక పెద్దాయన దుప్పటి అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది చలికి దాచుకోమంటరా, ఇప్పుడే కప్పుకోమంటరా?" అని అడిగాడు.

"ముందుగాల కప్పుకో తాతా, ఫొటో దిగినంక ఇప్పుదువు" అన్నాడు సేటు.

అందరం నవ్వాం. నేను కూడా.

కంటి క్యాంపులు మాత్రం నిజంగా పనికొచ్చేవి. ఊళ్ళ నుంచి ముసలివాళ్ళను తెచ్చి, కళ్ళల్లో పొర చూసి, ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించేవాళ్ళు. ఒకసారికి ఒక కన్ను. అది కుదురుకున్నాక తర్వాతి క్యాంపులో రెండోది. మంచి పనే. అందుకే దాన్ని పాడుచేయాలని మాకు అనిపించింది కాబోలు. ఒక ఆదివారం ఫంక్షన్ హాలు వెనక గదిలో మీటింగు. సేటు గోడు ఏమిటంటే, ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు నల్లద్దాలు పెట్టుకుని ఆటో ఎక్కి పోతున్నారు, మళ్ళీ మొహం చూపడం లేదు.

"పైసలు మనయి, కండ్లు వాళ్ళయి. కండ్లు వచ్చినంక మన దిక్కు ఒక్కసారన్న సూడాల్నా వద్దా? ఏమంటరు సార్?"

సార్ అంటే నేను. అప్పటిదాకా నన్ను వాళ్ళు సభలో స్వాగతం చెప్పించడానికి తప్ప దేనికీ వాడుకోలేదు. ఒక్కసారిగా నా చదువుకు గిరాకీ వచ్చినట్టయింది. ఇంగ్లండు ఆసుపత్రుల సంగతి చెప్పాను. నయమైనవాళ్ళు వచ్చి కృతజ్ఞత చెప్పేవాళ్ళనీ, దానివల్ల చందాలు పెరిగేవనీ, అది గొప్ప సంప్రదాయమనీ చెప్పాను. గొప్ప సంప్రదాయమని అన్నది నా నోరే.

"అరె వా! ఇంగ్లీషోళ్ళు ఊకెనే మనల్ని ఏలిండ్రా? మరి చెప్పనోన్ని ఏం జేసెటోళ్ళు?"

"మళ్ళీ చేర్చుకునేవాళ్ళు కాదు."

"గదీ పద్ధతంటె!"

ఆ రోజు నాకు శాలువా కప్పారు. అప్పటి నుంచి ప్రతి క్యాంపు తర్వాతా కృతజ్ఞత సభ. వేదిక మీద కుర్చీల్లో మేము. కన్ను వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే మెట్లెక్కి వచ్చి, సేటుకు దండం పెట్టి, మైకులో ఒక మాట చెప్పి దిగాలి. సభకు రానివాళ్ళకూ, వచ్చి సరిగా చెప్పనివాళ్ళకూ రెండో కన్ను లేదు.

అట్లాంటి ఒక క్యాంపుకే మా అత్తను నేను తీసుకుపోయాను. చుట్టం కాదు, ఊరి వరస. మా అమ్మతో కలిసి ఏళ్ళ తరబడి సీడ్ పత్తిలో క్రాసింగ్ చేసిన మనిషి. తెలియనివాళ్ళ కోసం చెప్తాను: ఆడ రకం చెట్టు మొగ్గను ఇవాళ సాయంత్రం గోటితో విప్పి లోపలి పుప్పొడి కాడలను గిల్లి పారేయాలి. రేపు పొద్దున మగ రకం పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. అంతా చూపు మీద నడిచే పని. ఒక్క కాడ మిగిలినా విత్తనం కల్తీ అవుతుంది, తిట్లు పడతాయి. ఎండలో, మందు కొట్టిన చేలో, తల వంచుకుని మొగ్గ తర్వాత మొగ్గ. ఆమె చేతికి పోటీ లేదనేవాళ్ళు. తర్వాత చూపు మసకబారింది. కాడలు మిగలడం మొదలైంది. మేస్త్రీ ఆమెను చేలోంచి లేపి గట్టు మీద కూర్చోబెట్టి, కూలోళ్ళకు మంచినీళ్ళు పొయ్యమన్నాడు. అది ఆమెకు చావుతో సమానం. నా దగ్గరికి వచ్చి అడిగింది: "అల్లుడా, నాకు పింఛను వద్దు, బియ్యం వద్దు. కండ్లు జేపియ్యి. మల్ల చేన్లకు పోత."

కుడి కన్ను చేశారు. కట్టు విప్పిన రోజు నేను పక్కనే ఉన్నాను. నన్ను ఎగాదిగా చూసి, "ఓయమ్మ! గింత ముసలోనివైనవేంది అల్లుడా? నేను ఇంకా కాలేజీ పిలగాని లెక్కనే అనుకుంటున్న" అంది. నర్సమ్మలంతా నవ్వారు. తర్వాత వాళ్ళలో ఒకామె చెయ్యి పట్టుకుని, గాజుల రంగులు ఒక్కొక్కటే పేరు పెట్టి చెప్పుకుంటూ కూర్చుంది.

సభకు ముందు నేను ఆమెకు మాట నేర్పాను. "సేటుగారి దయవల్ల కన్ను వచ్చింది, దేవుడు చల్లగా చూడాలి, అంతే చెప్పు అత్తా." సరేనంది. వేదికెక్కింది. మైకు చూసి ముసిముసిగా నవ్వింది. సేటు వైపు తిరిగి దండం కూడా పెట్టింది. నా గుండె కుదుటపడింది. అప్పుడు మాట్లాడింది.

"గీ సేటు చేన్లల్లనే మొగ్గలు గిల్లుకుంట గిల్లుకుంట నా రెండు కండ్లు పోయినయి. గాయన ఒకటి తిరిగిచ్చిండు. ఇంకోటి గుడ ఇస్తడంట. తీసుకున్నది తిరిగిచ్చెటోడు ఈ రోజులల్ల యాడున్నడు? మంచోడు. సల్లగుండాలె."

వెనక వరసల్లో కూర్చున్న క్రాసింగ్ ఆడవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు ముందు వరసల దాకా వచ్చింది. ఆమె ఆ మాట మెప్పుగా అందో, పొడిచి అందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె నాలుక సంగతి ఊరంతటికీ తెలుసు. కానీ ఆ దండం దొంగ దండం కాదు. ఒకటే తెలుసు, అందులో అబద్ధం లేదు. సేటు మొహం మీద నవ్వు అట్లాగే అతికించి ఉంది. దాని కింద మాత్రం మొహం మారిపోయింది.

సభ అయ్యాక వెనక గదిలో మా భోజనాలు. మటన్ బిర్యానీ. ముసలివాళ్ళకు బయట పులిహోర పొట్లాలు. సేటు నా పక్కన కూర్చుని, ప్లేటు లోంచి తల ఎత్తకుండా అన్నాడు.

"గా ముసల్దానికి రెండో కన్ను లేదు సార్. నేను గాదు, మీ పద్ధతే చెప్తుంది. చెప్పుండ్రి, మీ ఇంగ్లీషోళ్ళైతే ఏం జేసెటోళ్ళు?"

నేను చెప్పవలసింది ఎంతో ఉంది. నా థీసిస్ నిండా ఉంది. ఆ కమిటీలు ఎంత నీచమైనవో, ఆ షరతు వల్ల మళ్ళీ తలుపు తట్టడానికే సిగ్గుపడి ఎందరు ఇంట్లోనే మగ్గి ఉంటారో చెప్పొచ్చు. ఇంకేమీ కాకపోతే, ముసలామె సార్, వదిలేయండి అనొచ్చు. నా నోట్లో ఎముక ఉంది. దాన్ని తీసి ప్లేటు అంచున పెట్టి, "చేర్చుకునేవాళ్ళు కాదు" అన్నాను. మళ్ళీ ఎముక అందుకున్నాను.

అంతా చదివి, అంతా అర్థమై, అన్నం పెట్టినవాడి ముఖం చూసి మాట్లాడే మనిషిని ఏమనాలో నాకు తెలుసు. ఆ దొరసానులు కనీసం కళ్ళు ఒత్తుకునేవాళ్ళు.

ఆ తర్వాత ఆమె ఫోన్ చేసినప్పుడల్లా అదే అబద్ధం. మొదట ఆమె మనసు కష్టపెట్టడం ఎందుకులే అనుకున్నాను. అది కూడా అబద్ధమే. నిజం చెప్తే ఎందుకని అడుగుతుంది. అడిగితే ఆ పద్ధతి ఎవరు పెట్టారో చెప్పాలి. అందుకని వాయిదా.

"క్యాంపు ఎప్పుడు అల్లుడా?"

"పెడతారత్తా. కబురు చేస్తా."

"మర్చిపోకు మల్ల. ఎడమ కంటికి ఏం కనవడ్తలేదు. పువ్వు ఈడ ఉన్నదా గాడ ఉన్నదా సమజ్ అయితలేదు, చెయ్యి తప్పుతుంది."

"జర ఆగు."

క్యాంపులు జరిగాయి. వాటిలో నేనూ ఉన్నాను. ఒక క్యాంపుకు మా ఊరి నుంచే ఇద్దరు వచ్చి చేయించుకుని పోయారు. ఆమెకు ఆ సంగతి తెలిసి మళ్ళీ ఫోన్ చేసింది. "నీ వంతు ఇంకా రాలేదత్తా" అన్నాను. వంతు! సంచిలో చెయ్యి పెట్టిన తల్లికైనా నల్ల బంతి కంటికి కనబడేది. నేను ఈమెకు బంతి కూడా చూపించకుండా సంచిలో చెయ్యి పెట్టించి నిలబెట్టాను.

పత్తి పూతకు వచ్చే కాలంలో ఆ కన్ను నొప్పి లేచింది. తల పగిలిపోయేంత నొప్పి, వాంతులు. కొడుకు కర్నూలు తీసుకుపోయాడు. కబురు తెలిసి నేను పోయేసరికి డాక్టరు చెప్పేశాడు: పొర మరీ ముదిరి, కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయింది, ముందే వచ్చి ఉంటే చిన్న ఆపరేషన్‌తో చూపు దక్కేది. వరండాలో ఆమె కొడుకు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను తిట్టలేదు. తిట్టాల్సింది ఉందని అతనికి తెలియదు.

"పోయినేడే నేను ఈడికి తోల్కొస్తనన్న బావా. ఇన్నదా? 'సారు అల్లుడు ఆగుమన్నడు, ఊకె చెప్పడు గద, కాదని పోతె ఆయనకు మాటొస్తది' అన్నది."

నాకు మాట వస్తుందని ఆమె ఆగింది. నా పరువు కోసం. ఆ వరండాలో కూడా నేను నోరు విప్పలేదు. అతని భుజం తట్టి, కొబ్బరి బొండాలు తెచ్చిచ్చి వచ్చేశాను. పండ్లూ దుప్పట్లూ ఇచ్చి చేతులు దులుపుకునేవాళ్ళను నేను ఎగతాళి చేస్తూ రాసిన పేరాలు నా థీసిస్‌లో ఉన్నాయి.

తర్వాతి కృతజ్ఞత సభలో సేటు వేదిక మీద నుంచి చెప్పాడు. "మానవపాడు దిక్కు ఒకామె ఉండె. రమ్మంటె రాలె, ఇయ్యాల కన్ను పోగొట్టుకున్నది. గందుకే చెప్పిన మాట ఇనాలె. ఏం సార్?" నా వైపు చూశాడు. మొదట్లో చెప్పానే, తల ఊపానని. అది ఇక్కడే.

ఆ ఊపిన తలను మోసుకుని ఇంకా కొన్నాళ్ళు తిరిగాను. ఆ ఏడాది క్లాసులో ఇంగ్లండు పాఠం వచ్చినప్పుడు, కమిటీల గురించి మామూలుగా చెప్పే వెటకారాలు మొదలుపెట్టాను. పిల్లలు నవ్వారు. ఆ నవ్వు, హాల్లో క్రాసింగ్ ఆడవాళ్ళు నవ్విన నవ్వు లాగా లేదు. ఇది క్షేమంగా దూరంగా కూర్చున్నవాళ్ళ నవ్వు. చాక్‌పీసు కింద పెట్టి, పాఠం మధ్యలో ఆపి, బస్సెక్కి ఊరికి పోయాను.

ఆమె ఇంటి ముందు కూర్చుని వేరుశెనగ కాయలు ఒలుస్తోంది. చుట్టూ కోళ్ళు. కూర్చుని, అంతా చెప్పాను. మైకు, బిర్యానీ, ఇంగ్లండు, అన్నీ. ఇంగ్లండు భాగం ఆమెకు పట్టలేదు. ఒక్కటే పట్టుకుంది.

"అంటే నన్ను వద్దన్నరని నీకు ఎరుకే?"

"ఎరుకే అత్తా."

"ఎప్పటి సంది?"

"గా దినం సంది."

కాయలు ఒలుస్తూనే ఉంది. ఒక కోడి చేటలో మూతి పెడితే దాన్ని అదిలించింది.

"నేను సేటును తిట్టలె గద. ఉన్నదే చెప్పిన."

"నీ తప్పేం లేదు."

"మరి చెప్తె ఏం పోతుండె నీది? పొలం పోతుండెనా? కొలువు పోతుండెనా?"

"ఏం పోకపోతుండె. శాలువ పోతుండె."

"థూ" అంది. నా మీదనా, శాలువా మీదనా అని అడగలేదు. నేను చేతులు జోడించి తప్పయిందని మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపింది.

"గీడ చెప్తె ఎవలింటరు? గీ కోళ్ళింటయి. నన్ను గంతమందిల నిలవెట్టి మైకు ఇచ్చిండ్రు. ఊర్ల నన్ను మొండిదంటుండ్రు. నువ్వు గుడ గాడనే నిలవడి చెప్పు. నేనొస్త. ఉన్న కన్నుతోని సూస్త."

ఈసారి సభకు నన్ను ఎప్పటిలాగే పిలిచారు. కృతజ్ఞత గొప్పతనం గురించి మాట్లాడాలి. ఆమె కొడుకుతో కలిసి వచ్చి, నడిమి వరసలో, దారి పక్క కుర్చీలో కూర్చుంది. వేదిక మీద నుంచి చూస్తే అందరూ చిన్నగా కనబడతారని ఇన్నేళ్ళూ అనుకునేవాణ్ణి. ఆమె అట్లా కనబడలేదు. మైకు పట్టుకున్నాను. ఈ కృతజ్ఞత పద్ధతి నేను తెచ్చిందని, ఎక్కడి నుంచి తెచ్చానో, అక్కడ అది పేదల తల వంచడానికి పెట్టిందని చెప్పాను. మానవపాడు దిక్కు ఆమెకు ఎవరూ కబురు పంపలేదని చెప్పాను.

"సార్, ఏం మాట్లాడుతుండ్రు? దిగుండ్రి, దిగుండ్రి" అని సేటు పళ్ళ మధ్య నుంచి అన్నాడు. ఎవరో వైరు లాగారు. మైకు చచ్చిపోయింది. నా పెదవులు మాత్రం కదులుతున్నాయి.

నడిమి వరస నుంచి గొంతు వచ్చింది. "ఇనవడ్తలేదు అల్లుడా! జర గట్టిగ! ఎనకోళ్ళకు గుడ ఇనవడాలె!"

మైకు పక్కన పెట్టి, క్లాసులో ఎన్నడూ ఎత్తనంత గొంతెత్తి చెప్పాను. "అత్తా, నిన్ను వద్దన్నరని నాకు ఎరుకే. ఎరుకుండి గుడ ఆగుమన్న. నువ్వు మొండిదానివి గాదు, నా మాట నమ్మినవు. నేను నోరు మూసుకున్నందుకు నీ కన్ను పోయింది. తప్పయింది అత్తా, నన్ను మాఫ్ చెయ్యి."